ఆకాశం నిండా చారలు: ట్యాంక్ ఊపడంలో ఎక్కడ తప్పు చేస్తున్నాను?

లాల్‌బాగ్ కుర్రాడు | బీటీఎం లేఅవుట్, బెంగళూరు | శనివారం రాత్రి 10:52

అందరికీ నమస్తే. ఇంట్లో ఫిల్మ్ కడగడం మొదలుపెట్టి నాలుగు నెలలైంది. ఈరోజు కడిగింది ఆరో రోల్. మొదటి ఐదింట్లోనూ ఏవో చిన్న చారలు ఉన్నాయి గానీ అవన్నీ వీధులు, జనం ఉన్న ఫోటోలు, అందుకని పట్టించుకోలేదు. ఈసారి పొద్దున్నే లాల్‌బాగ్ వెళ్లి బండ మీద కెంపేగౌడ గోపురాన్ని తీశాను. ఫ్రేములో ముప్పాతిక భాగం ఖాళీ ఆకాశమే. స్కాన్ చేసి చూసేసరికి ప్రాణం ఉసూరుమంది. ఫిల్మ్ అంచున ఉండే ఒక్కో రంధ్రం దగ్గర నుంచి ఒక్కో తెల్లటి చార ఆకాశంలోకి దిగింది. దువ్వెన పళ్లలా లెక్కపెట్టుకోవచ్చు. అది చాలదన్నట్టు రోల్ పొడుగునా ఒక అంచు వెంబడి ముదురు పట్టీ ఒకటి.

ఫిల్మ్ ఇల్‌ఫర్డ్ వాళ్ల బ్లాక్ అండ్ వైట్ హెచ్‌పీ5 ప్లస్, ఐఎస్‌ఓ 400 మీదే తీశాను. డెవలపర్, అంటే ఫిల్మ్ మీద బొమ్మను బయటికి తెచ్చే మందు, ఐడీ-11, నీళ్లు కలపకుండా. ట్యాంక్ పాటర్సన్, ఫిల్మ్‌ను రీల్‌కు చుట్టి లోపల పెట్టి, వెలుతురు పడకుండా మందు పోసే ప్లాస్టిక్ డబ్బా. టైమ్ చార్ట్ చూసే పెట్టాను. నాకు అయోమయమంతా ఊపడం దగ్గరే. ఒక వీడియోలో తలకిందులు చేయమంటాడు, ఇంకోడు పుల్ల పెట్టి తిప్పితే చాలంటాడు, మూడోవాడు అసలు ముట్టుకోకుండా గంట వదిలేయమంటాడు. నేను మాత్రం బాగా కలవాలి కదా అని నిమిషానికోసారి పది పదిహేను సార్లు గట్టిగా గిలక్కొడతాను. ఎంత ఊపాలి, ఎలా ఊపాలి? ఎవరైనా ఒక్క మాటలో తేల్చి చెప్పండి.

చిత్తూరు షట్టర్ | కేఆర్ పురం, బెంగళూరు | రాత్రి 11:07

ఒక్క మాటలో తేల్చమని ఫిల్మ్ వాళ్లను అడిగావా తమ్ముడూ! కూర్చో, రేపటికి పానకంలా సాగుతుంది. ముందు ఫోటో పెట్టు. స్కాన్ వద్దు, స్కానర్ చేసే అల్లరి దానికి వేరే ఉంటుంది. ఫోన్‌లో తెల్లటి పేజీ తెరిచి, నెగెటివ్‌ను దాని మీద పెట్టి ఇంకో ఫోన్‌తో తీయి.

లాల్‌బాగ్ కుర్రాడు | రాత్రి 11:31

పెట్టానన్నా. నెగెటివ్‌లో కూడా ఉన్నాయి. నెగెటివ్‌లో తెలుపు నలుపుగా కనబడుతుంది కదా, చార ఉన్నచోట నలుపు ఎక్కువగా ఉంది. ఇంకో సంగతి, కెమెరా నిలువుగా పట్టుకుని తీసిన రెండు ఫ్రేముల్లో చారలు అడ్డంగా వచ్చాయి.

రొడినాల్ రాజా | మారతహళ్లి, బెంగళూరు | రాత్రి 11:48

ఫోటో చూశాను. ఇది అతిగా ఊపడమే, సందేహం లేదు. మందు ఆ రంధ్రాల్లోంచి జోరుగా దూసుకెళ్లిన చోట ఫిల్మ్ ఎక్కువ డెవలప్ అయింది. నా సలహా అడిగితే ఊపడమే మానేయండి. 1891లో పేటెంట్ తీసుకున్న రొడినాల్ డెవలపర్ ఇప్పటికీ దొరుకుతోందంటే ఊరికే కాదు. ఒక వంతు రొడినాల్‌కు 100 వంతుల నీళ్లు, మొదటి అరనిమిషం మెల్లగా తిప్పడం, ఆ తర్వాత గంటసేపు ట్యాంక్ జోలికి పోకండి. ఈలోపు బిర్యానీ తిని రావచ్చు. నేను మూడేళ్లుగా ఇంతే. ఏ ఫిల్మ్ అయినా ఒకే టైమ్, లెక్కల బాధ లేదు. ఒక్క జాగ్రత్త, నీళ్లు ఎక్కువైనా పర్వాలేదు గానీ రోల్‌కు 5 మి.లీ. తగ్గకుండా అసలు మందు పడాలి. అంటే అరలీటరు కలుపుకోవాలి.

మైలాపూర్ మసక | చెన్నై | ఆదివారం ఉదయం 6:20

రాజాగారూ, ఈ సలహా బెంగళూరు చలికాలంలో ఇవ్వండి. మా చెన్నైలో ఇచ్చి నన్నొకసారి ముంచారు. మీరు కాదు, మీలాంటి ఇంకొకాయన.

పోయిన మే నెలలో గంట స్టాండ్ పెట్టాను, అంటే ఊపకుండా అలా వదిలేశాను. కుళాయి నీళ్లు 31 డిగ్రీలు. రోల్ మొత్తం పొగచూరినట్టు బూడిదరంగు. దానికంటే చిత్రం, మైలాపూర్‌లో ఒక పాత ఇంటి హాలు తీశాను, చీకటి గోడకు ఒకే కిటికీ, బయట ఎండ. ప్రింట్‌లో ఆ కిటికీ మీద గోడంతా పైకి మసి పట్టినట్టు నల్లగా. ఆ ఇంట్లో కట్టెల పొయ్యి ఉందేమో, నిజంగానే మసేమో అనుకున్నాను. మళ్లీ వెళ్లి చూసొచ్చాను కూడా! గోడ శుభ్రంగా ఉంది. కిటికీ దగ్గర ఫిల్మ్ బాగా డెవలప్ అయి అక్కడ బ్రోమైడ్ అనే లవణం పుట్టింది. అది బరువు కాబట్టి కదలని మందులో మెల్లగా కిందికి జారి, దారిలో ఉన్నచోటల్లా పనిని ఆపేసింది. నా రీల్‌లో ఫిల్మ్ బొమ్మ పైభాగం కిందికి ఉండేలా కూర్చుంది, అందుకే మసి పైకి పోయింది. స్టాండ్ అంటే నాకు ఆ కిటికీయే గుర్తొస్తుంది.

రొడినాల్ రాజా | ఉదయం 8:02

31 డిగ్రీల్లో గంట పెడితే ఏ మందైనా అంతే. మందుదా తప్పు? అరగంటకు ఒకసారి రెండుసార్లు తలకిందులు చేస్తే ఆ మసి కూడా రాదు.

మైలాపూర్ మసక | ఉదయం 8:05

అంటే ఊపాలన్నమాట :)

గ్రెయినమ్మ | మల్లేశ్వరం, బెంగళూరు | ఉదయం 9:40

పొద్దున్నే మొదలుపెట్టారా ఇద్దరూ. తమ్ముడు అడిగినదానికి వస్తాను.

ఊపడం ఎందుకో తెలిస్తే ఎంత అన్నది దానంతటదే తెలుస్తుంది. పెళ్లి బంతి గుర్తు తెచ్చుకో. ఫిల్మ్ మీద వెలుగు బాగా పడిన చోట్లు, అంటే ఆకాశం, తెల్లచొక్కా లాంటివి, ఆకలి మీదున్న కుర్రాళ్లు. నీడలు మెల్లగా కలుపుకుని తినే పెద్దవాళ్లు. డెవలపర్ అన్నం. ట్యాంక్‌లో ఎంత పోసినా, ఎమల్షన్‌ను, అంటే ఫిల్మ్ మీద బొమ్మ పడే పూతను, ఆనుకుని ఉన్న పలుచని పొరే పనిచేస్తుంది. కుర్రాళ్ల విస్తట్లో అది క్షణాల్లో ఖాళీ. పైగా తిన్నచోట మైలాపూర్ గారు చెప్పిన బ్రోమైడ్ మిగిలి, ఇక తిననివ్వదు. మనం ట్యాంక్ తిప్పడమంటే వడ్డించేవాడు ఒక చుట్టు రావడం. అతను తరచూ వస్తే కుర్రాళ్లు తింటూనే ఉంటారు, నెగెటివ్‌లో వెలుగులు ముదిరి కాంట్రాస్ట్, అంటే వెలుగునీడల తేడా, పెరుగుతుంది. అరుదుగా వస్తే వాళ్లు ఖాళీ విస్తరి ముందు కూర్చుంటారు, ఈలోగా పెద్దవాళ్లు నింపాదిగా తమది పూర్తి చేసుకుంటారు. వెలుగులు అదుపులో ఉంటాయి, నీడల్లో వివరం పైకొస్తుంది. వెలుగూ నీడా పక్కపక్కన కూర్చున్నచోట కుర్రాడు పక్క విస్తట్లోంచి కాస్త అందుకుంటాడు. ఆ గీత దగ్గర నలుపు కొంచెం ఎక్కువై బొమ్మ పదునుగా కనిపిస్తుంది. రాజాగారికి స్టాండ్ మీద మోజంతా ఈ రెండిటి వల్లే, అది అబద్ధమేం కాదు.

నువ్వు చేసింది వేరు. నీ వడ్డించేవాడు గంగాళం పట్టుకుని బంతి మీద పరిగెత్తాడు.

చిత్తూరు షట్టర్ | ఉదయం 9:52

అక్కా, ఆదివారం పొద్దున ఈ పోలికలు వద్దు. ఇంట్లో ఉప్మా ఉంది.

నిశ్శబ్ద పాఠకుడు | బెంగళూరు | ఉదయం 10:15

ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేవాడిని, ఇదే మొదటి పోస్ట్. ఇంతకీ కంపెనీల వాళ్లు ఏం చెబుతారు? డబ్బా మీద రాసిందాన్ని నమ్మొచ్చా?

గ్రెయినమ్మ | ఉదయం 10:33

నమ్మొచ్చు. ఇల్‌ఫర్డ్ వాళ్లది తేలిక. మొదటి 10 సెకన్లలో నాలుగుసార్లు తలకిందులు చేయాలి, ఆ తర్వాత ప్రతి నిమిషం మొదట్లో మళ్లీ 10 సెకన్లలో నాలుగుసార్లు. కోడాక్ వాళ్లది ఇంకొంచెం హుషారు. 5 సెకన్లలో ఐదు నుంచి ఏడుసార్లు, అదీ ప్రతి 30 సెకన్లకు. రెండిట్లోనూ ప్రతిసారీ ట్యాంక్‌ను కింద ఒకసారి తట్టాలి, ఫిల్మ్‌కు అంటుకున్న గాలిబుడగలు వదలడానికి. తట్టకపోతే బుడగ ఉన్నచోట మందు తగలక నెగెటివ్‌లో గుండ్రటి ఖాళీ చుక్క, ప్రింట్‌లో నల్ల చుక్క.

రెండూ పనిచేస్తాయి. ఒక రోల్‌కు ఇదీ ఒక రోల్‌కు అదీ చేస్తేనే గొడవ, ఎందుకంటే ఒకే టైమ్‌కు రెండు రకాల కాంట్రాస్ట్ వస్తుంది. నేను ఇల్‌ఫర్డ్ పద్ధతే. చేతులు నొప్పి పుట్టవు.

హైపో తాత | వైట్‌ఫీల్డ్, బెంగళూరు | ఉదయం 11:20

బాబూ కుర్రాడూ, అందరూ వైద్యం చెబుతున్నారు గానీ ఎవరూ ఒళ్లు పట్టి చూడలేదు. మూడు ప్రశ్నలు. మందు ఎంత వేడిగా ఉంది? ఎన్ని నిమిషాలు కడిగావు? ట్యాంక్ ఒక రీల్‌దా రెండు రీళ్లదా?

లాల్‌బాగ్ కుర్రాడు | ఉదయం 11:44

నమస్కారం తాతగారూ. మందు 28 డిగ్రీలు. ఐడీ-11కు 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు కదా, ఎక్కువ వేడి కాబట్టి తగ్గించి 3 నిమిషాల 45 సెకన్లు పెట్టాను. ట్యాంక్ రెండు రీళ్లది. ఒకటే రీల్ వేసి 300 మి.లీ. పోశాను, మందు ఆదా అవుతుందని.

హైపో తాత | మధ్యాహ్నం 12:10

దొరికాడు దొంగ. ఒకడు కాదు, ఇద్దరు.

మొదట ఆ పట్టీ సంగతి. రెండు రీళ్ల ట్యాంక్‌లో ఒక్క రీల్ వేసి తలకిందులు చేస్తే ఏమవుతుంది? రీల్ మధ్యగొట్టం మీద పైకి జారి అక్కడే ఇరుక్కుంటుంది. నువ్వు ట్యాంక్ నిలబెట్టినా అది దిగదు. కింద 300 మి.లీ. మందు ఉంది, ఫిల్మ్ పై అంచు గాలిలో ఉంది. ఆ అంచుకు నువ్వు ఊపినప్పుడు తడిసిందే దక్కింది. అందుకే నెగెటివ్‌లో అక్కడ పలుచన, ప్రింట్‌లో ముదురు. దీనికి వైద్యం తేలిక, పైన ఖాళీ రీల్ ఒకటి తొడుగు. కింది రీల్ కదలదు. ట్యాంక్ అడుగున 290 అని అచ్చు ఉంటుంది గానీ నేను 350 పోస్తాను. యాభై మిల్లీలీటర్ల దగ్గర పిసినారితనం వద్దు.

ఇక చారలు. నాలుగు నిమిషాల లోపు కడిగితే దేవుడు ఊపినా సమంగా రాదు. ట్యాంక్‌లోకి పోయడానికి పదిహేను సెకన్లు, ఒంపడానికి పదిహేను. నీకున్న 225 సెకన్లలో అవే ముప్పై. పైగా వేడి మందు తగలగానే కొరికేస్తుంది. మొదటి నిమిషంలో జరిగిన తప్పును సరిదిద్దుకునే వ్యవధే ఫిల్మ్‌కు లేదు. ఐదు నిమిషాల కంటే తక్కువ టైమ్ వద్దని కోడాక్ వాళ్లు కాగితాల మీద వేసేవాళ్లు.

నేను నెల్లూరులో స్టూడియోలో చేరిన రోజుల్లో ట్యాంకులు లేవు. చీకట్లో నిలబడి, ఫిల్మ్ రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, తొట్టిలోని మందులో ముంచుతూ కవ్వం తాడు లాగినట్టు ఒకటి పైకి, ఒకటి కిందికి. ఊటీ ఇందు ఫిల్మ్ రోళ్లు అలా ఎన్ని కడిగానో. చెయ్యి ఆగకూడదు, అదే ఊపడం. మా ఓనరు బట్టలు జాడించినట్టు జాడించరా అనేవాడు. బాదమని ఎప్పుడూ అనలేదు. డెవలపర్‌లో ఉండే మెటాల్ పడక వేళ్ల సందులు పగిలేవి, రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకునేవాళ్లం. మీరు గ్లవ్స్ వేసుకోండి. చెప్పడం మర్చిపోయేవాడిని.

లాల్‌బాగ్ కుర్రాడు | మధ్యాహ్నం 12:31

తాతగారూ, పాదాభివందనం. ఖాళీ రీల్ ఆలోచన నాకు జన్మలో వచ్చేది కాదు. మరి వేడి తగ్గించడం ఎలా? నేనుండేది మూడో అంతస్తు, పైన నీళ్ల ట్యాంక్ ఎండలో ఉంటుంది. ఏప్రిల్‌లో చన్నీళ్ల కుళాయి అన్నది పేరుకే.

మైలాపూర్ మసక | మధ్యాహ్నం 12:50

ఇది నా సబ్జెక్ట్, చెన్నైవాడిని అడుగు. 20 డిగ్రీల వెంట పడకు. దానికోసం ఐస్ వేస్తావు, 17కు పోతుంది, వేడినీళ్లు పోస్తావు, 23 అవుతుంది, ఈలోగా చీకటి పడుతుంది. 24 పెట్టుకో. బట్టలు నానబెట్టే టబ్ తీసుకుని సగం నీళ్లు పోయి. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసా ఒకటి అందులో పడెయ్. ఐస్ ముక్కలు నేరుగా మందులో వేయకు, పలచబడుతుంది. డెవలపర్, బొమ్మను నిలబెట్టే ఫిక్సర్, కడిగే నీళ్లు అన్నీ సీసాలతో సహా ఆ టబ్‌లోనే కూర్చోవాలి. 24లో డెవలప్ చేసి 30లో ఉన్న ఫిక్సర్ పోయడం కూడా మంచిది కాదు. ట్యాంక్‌ను కూడా మధ్య మధ్యలో టబ్‌లోనే నిలబెట్టు. అరచేతుల వేడికి కూడా మందు ఒక డిగ్రీ ఎక్కేస్తుంది మా ఊళ్లో.

టైమ్ పెరగాలంటే ఐడీ-11ను సగానికి సగం నీళ్లతో కలుపు. హెచ్‌పీ5కు 20 దగ్గర 13 నిమిషాలు, 24కు సుమారు 9 వస్తుంది. వాడాక పారబోసెయ్, దాచకు.

రొడినాల్ రాజా | మధ్యాహ్నం 1:15

ఇంత టబ్బు, ఐసు, సర్కస్ ఎందుకండీ. 1+100...

చిత్తూరు షట్టర్ | మధ్యాహ్నం 1:16

రాజాగారూ, బిర్యానీకి వెళ్లిరండి.

నిశ్శబ్ద పాఠకుడు | మధ్యాహ్నం 2:40

పాటర్సన్‌తో ఒక పుల్ల ఇస్తారు కదా, దాన్ని వేళ్లతో అటూ ఇటూ తిప్పితే సరిపోదా? తలకిందులు చేస్తే నా ట్యాంక్ మూత కారుతుంది. మణికట్టు దాకా మందు కారి వాచీ పాడైంది.

గ్రెయినమ్మ | మధ్యాహ్నం 3:25

వాచీ తీసి పెట్టుకోవడం మొదటి పాఠం :) మూత పెట్టాక మధ్యలో నొక్కి, అంచు కొద్దిగా ఎత్తి గాలి వదిలితే గట్టిగా పట్టుకుంటుంది.

పుల్లతో కూడా పని జరుగుతుంది. కానీ రీల్ గుండ్రంగా మాత్రమే తిరుగుతుంది, బయటి చుట్టు వేగంగా, లోపలి చుట్టు మెల్లగా. కిందిదీ పైదీ కలవదు. చక్కెర అడుగున ఉన్న కాఫీ గ్లాసును బల్ల మీద గిరగిరా తిప్పినట్టు. నేను మందు పోసిన వెంటనే మొదటి పది సెకన్లు పుల్ల వాడి, ఆ తర్వాత మూతపెట్టి తలకిందులు చేస్తాను. పుల్ల మాత్రమే వాడేట్టయితే రెండు వైపులా తిప్పండి, ఒకే వైపు వద్దు.

హైపో తాత | సాయంత్రం 4:05

తలకిందులు చేయడం ఎలాగో కూడా చెబుతాను, ఎవరూ చెప్పలేదు. ట్యాంక్ తిరగేశాక లోపల గుడుగుడుమని మందు దిగే చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు ఆగేదాకా ఉండు. ఆగాక నిలబెట్టు. మళ్లీ గుడుగుడు. అది కూడా ఆగనీ. అప్పుడు ఒకటి అయినట్టు. పది సెకన్లలో నాలుగే ఎందుకన్నారంటే ఒక్కోదానికి రెండున్నర సెకన్లు అలా పడుతుంది కాబట్టి. నిలబెట్టిన ప్రతిసారీ ట్యాంక్‌ను చేతిలో పావు చుట్టు తిప్పి పట్టుకో, రెండోసారి మందు ఇంకో వైపు నుంచి పారుతుంది. ఎప్పుడూ ఒకే దారిన పారితే ఆ దారి ఫిల్మ్ మీద కనిపిస్తుంది. చివర్లో మడిచిన తువ్వాలు మీద ఒక్క తట్టు. గ్రానైట్ మీద కొట్టకు, ప్లాస్టిక్ అది.

చిత్తూరు షట్టర్ | సాయంత్రం 4:30

ఇదంతా చదివి మా ఇంట్లో వేరే ప్రయోగం గుర్తొచ్చింది. ట్యాంక్‌ను తిప్పే మిషన్ కొనే డబ్బుల్లేక ట్యాంక్‌ను మూత టేపేసి నేల మీద పడుకోబెట్టి అప్పడాల కర్రలా ముందుకీ వెనక్కీ దొర్లించేవాడిని. మందు తక్కువ పడుతుంది, బాగానే వచ్చేది. నిరంతరం కదులుతుంది కాబట్టి టైమ్ 15 శాతం తగ్గించాలని తర్వాత తెలిసింది. అంతవరకూ నా ఫోటోలన్నీ సున్నం కొట్టినట్టే ఉండేవి. కింద ఫ్లాట్ వాళ్లు ఓనర్‌కు ఫిర్యాదు చేశాక మానేశాను. రాత్రి పదింటికి రోలర్ శబ్దమేంటని!

గ్రెయినమ్మ | సాయంత్రం 5:02

దొర్లించడం తప్పేం కాదు. పెద్ద ల్యాబుల్లో అయితే తొట్టి అడుగు నుంచి కొన్ని సెకన్లకొకసారి నైట్రోజన్ బుడగలు వదిలేవాళ్లు, చెయ్యి పెట్టే పనే లేదు. గాలి వదిలితే అందులో ఆక్సిజన్ మందును పాడుచేస్తుంది, అందుకని నైట్రోజన్. ఐడీ-11కు తోబుట్టువులాంటి కోడాక్ డీ-76 కూడా 1920ల్లో సినిమా ఫిల్మ్ కోసం తయారైనదే. మనం బకెట్ పక్కన కూర్చుని చేస్తున్నాం.

లాల్‌బాగ్ కుర్రాడు | మరుసటి శనివారం రాత్రి 9:18

వారం ఆగి వచ్చాను. మీ మాటలన్నీ ఒక రోల్ మీద పెట్టి చూశాను.

సాయంత్రం మేడ మీద నుంచి మబ్బు పట్టిన ఆకాశాన్ని ఒకే ఎక్స్‌పోజర్‌తో 36 ఫ్రేములు తీశాను. మా అమ్మ చూసి ఒరేయ్ కాకులు కూడా లేవు కదరా అంది. చీకటి సంచిలో చేతులు దూర్చి, 46 సెంటీమీటర్లకు కత్తిరించిన అట్టముక్కతో కొలుస్తూ మూడు ముక్కలు చేశాను. చెమటకు ఫిల్మ్ వేళ్లకు అంటుకుపోయింది. రెండో ముక్క రీల్‌లోకి ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

మొదటి ముక్క: పాత పద్ధతే. 28 డిగ్రీలు, నీళ్లు కలపకుండా, 3:45, గట్టిగా గిలక్కొట్టడం. ఖాళీ రీల్ మాత్రం పైన పెట్టాను. పట్టీ పోయింది, చారలు అలాగే ఉన్నాయి. రెండో ముక్క: టబ్, ఐస్ సీసా, 24 డిగ్రీలు, సగం నీళ్లు, 9 నిమిషాలు, తాతగారి గుడుగుడు లెక్క, నిమిషానికి నాలుగు. ఆకాశం పలకలా ఉంది. ఒక్క చార లేదు! నెగెటివ్‌ను ట్యూబ్‌లైట్‌కు పెట్టి ఎన్నిసార్లు చూశానో.

రొడినాల్ రాజా | రాత్రి 9:40

ఒక్క నిమిషం. రెండో ముక్కకు వేడీ మార్చావు, మందూ మార్చావు, టైమూ మార్చావు, ఊపడమూ మార్చావు. మరి చారలు దేనివల్ల పోయాయో ఎలా తెలుస్తుంది?

లాల్‌బాగ్ కుర్రాడు | రాత్రి 9:44

అందుకే మూడో ముక్క రాజన్నా, చెప్పబోతున్నాను. దానికి 24 డిగ్రీలు, సగం నీళ్లు, 9 నిమిషాలు అన్నీ రెండోదానివే. ఊపడం మాత్రం నా పాత గిలక్కొట్టుడు, నిమిషానికి పదిహేను. చారలు వచ్చాయి. కానీ మొదటి ముక్కలో ఉన్నంత లేవు. రంధ్రం పక్కన రెండు మిల్లీమీటర్ల దాకా ఉండి ఆగిపోయాయి. ఏటవాలుగా పట్టుకుని చూస్తేనే తెలుస్తాయి. ఇంకొకటి, మూడో ముక్క మొత్తంగా రెండోదానికంటే నల్లగా వచ్చింది. అక్క చెప్పిన కుర్రాళ్లు ఎక్కువ తిన్నట్టున్నారు.

గ్రెయినమ్మ | రాత్రి 10:05

రాజాగారు మంచి ప్రశ్న అడిగారు, నువ్వు ముందే జవాబు దాచావు. భలే. అంటే నీ చారల్లో రెండు పాళ్లున్నాయి. ఊపుడు వాటిని పుట్టించింది, తక్కువ టైమ్ వాటిని పెద్దవి చేసింది. ఇప్పుడు తొమ్మిది నిమిషాల్లో నెగెటివ్ నీకు పలుచగా అనిపిస్తే అర నిమిషం టైమ్ పెంచు. ఊపడం మాత్రం ముట్టుకోకు. రెండూ ఒకేసారి తిప్పితే మళ్లీ మొదటికొస్తావు.

మైలాపూర్ మసక | రాత్రి 10:20

24 డిగ్రీల టబ్‌కు జై. రాజాగారూ, ఒక ముక్క మీకోసం స్టాండ్ పెట్టి ఉంటే బాగుండేది.

రొడినాల్ రాజా | రాత్రి 10:31

ఆకాశం ఫోటోలకు స్టాండ్ పనికిరాదని నేనూ ఒప్పుకుంటాను. ఎర్రటి ఎండలో కేఆర్ మార్కెట్‌లో టార్పాలిన్ల కింద పూలవాళ్లను తీయండి, అప్పుడు చూద్దాం. తెల్లచొక్కా మండిపోకుండా, నీడలో ముఖం కూడా దక్కాలంటే నా దగ్గరికే వస్తారు.

గ్రెయినమ్మ | రాత్రి 10:38

అది నిజమే. అరగంటకు రెండుసార్లు తిప్పితే :)

నిశ్శబ్ద పాఠకుడు | రాత్రి 10:50

ఈ త్రెడ్ ప్రింట్ తీసి బాత్రూమ్ తలుపు వెనక అంటించాను. ఒక సందేహం మిగిలింది. ఎసిటిక్ యాసిడ్ దొరకలేదు. డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్‌కు కిరాణా కొట్టు వెనిగర్ పర్వాలేదా?

హైపో తాత | రాత్రి 11:02

పర్వాలేదు. ఘాటు చూసి పలచన చేసుకో. రంగు వేసింది వద్దు, తెల్లది తీసుకో.

కుర్రాడూ, ఆ మూడు ముక్కలూ వచ్చే ఆదివారం వైట్‌ఫీల్డ్ పట్టుకురా. నా భూతద్దం కింద పెట్టి చూడాలి. స్కాన్లు నాకు నమ్మకం లేదు. చుట్టి తేవద్దు, పొడుగ్గా కవర్‌లో పెట్టి తీసుకురా. మెట్రోలో వస్తే కాడుగోడి దగ్గర దిగి ఫోన్ చెయ్, మా అబ్బాయిని పంపుతాను.

లాల్‌బాగ్ కుర్రాడు | రాత్రి 11:06

తప్పకుండా తాతగారూ. ఇంకొకటి అడగొచ్చా? రెండో ముక్క ఆరాక దాని మీద గుండ్రటి తెల్లటి మరకలు వచ్చాయి. మా బోరు నీళ్లవి అనుకుంటా.

హైపో తాత | రాత్రి 11:15

బోరు నీళ్లవే. ఆఖరి కడుగుడు బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో చెయ్. ఆరిన మరకలకు మళ్లీ అందులోనే పది నిమిషాలు నానబెట్టి వేలాడదీయి. ఫ్యాన్ వేయకు.